ఏనుగు కంటె అంకుశం ప్రియం

ఏనుగును ఇచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినవాణ్ణి చూసి మన పెద్దలు నవ్వారు. మోటారు కార్ల వ్యాపారంలో ఆ సామెత తలకిందులైంది. ఇక్కడ ఏనుగు దగ్గర పేచీ లేదు. పండుగ తగ్గింపు అంటారు, పాత కారు మారకానికి అదనం అంటారు, సీటు తొడుగులూ కాళ్ళ కింద పట్టాలూ ఉచితమంటారు. తాళాలు చేతికిచ్చేటప్పుడు మిఠాయి పెట్టి ఫొటో కూడా తీస్తారు. అసలు వ్యాపారం అంకుశం దగ్గర మొదలవుతుంది. కారు మనదైన మరుక్షణం నుంచి దానికి కావలసిన ప్రతి మేకుకూ, ప్రతి తొడుగుకూ, ప్రతి గంట పనికీ ధర కట్టే హక్కు మాత్రం వాళ్ళదిగానే ఉండిపోతుంది.

మా వీధిలో ఉద్యోగ విరమణ చేసిన మాష్టారొకరున్నారు. గేటు దగ్గర మలుపు తిప్పుతుండగా ఆయన కారు ముందు దీపం గోడకు రాసుకుంది. గాజు పగలలేదు, దీపం వెలుగుతూనే ఉంది. దాన్ని చట్రానికి పట్టి ఉంచే ప్లాస్టిక్ చెవి ఒకటి విరిగింది. గోరంత ముక్క. డీలరు వర్క్‌షాపులో ఆ చెవి విడిగా రాదన్నారు, దీపం మొత్తం మార్చాలన్నారు. అంచనా కాగితం చూసి మాష్టారు కారు తిప్పుకుని వచ్చేశారు. బస్టాండు వెనుక బంపర్లకు అతుకులు వేసే కుర్రవాడొకడు వేడి కమ్మీతో ఆ చెవిని అతికి, లోపల సన్నని తీగ జాలీ ఇమిడ్చి, గంటలో పని ముగించాడు. ఆ దీపం తరువాత రెండు వానాకాలాలు చూసింది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకన్న ప్రశ్నకు వర్క్‌షాపువారు చెప్పిన సమాధానం ఒక్కటే: “విడిగా రాదండీ.”

ఈ “విడిగా రాదు” అన్న మాట మన దేశంలో అంత పాతది కాదు. అంబాసిడర్ కారు 1950ల చివరి నుంచి 2014 దాకా పశ్చిమ బెంగాలులోని ఉత్తర్‌పారా కర్మాగారం నుంచి వెలువడింది. దాని విడిభాగం దొరకని పట్టణం లేదు. దాన్ని విప్పి బిగించలేని మెకానిక్ అసలు మెకానిక్కే కాదు. డైనమో ఆగిపోతే బ్రష్షులు మార్చేవారు. నీటి పంపు కారితే సీలు, బేరింగు వేసేవారు. కార్బురేటరు మొరాయిస్తే జెట్టు ఊది శుభ్రం చేసేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కినప్పుడు ఈ జపాను యంత్రం మన మేస్త్రీల చేతికి అందుతుందా అని అనుమానించినవారు లేకపోలేదు. కొన్నేళ్ళలోనే అది కూడా చెట్టు కింద బాగయ్యే బండి అయింది. ఢిల్లీలో కాశ్మీరీ గేటు, కలకత్తాలో మల్లిక్ బజారు, మద్రాసులో జనరల్ ప్యాటర్స్ రోడ్డు, దానికి కాస్త ఎడంగా పాత సామానుకు పుదుపేట, విజయవాడలో ఆటోనగర్ — ఈ బజార్లన్నీ ఆ స్వేచ్ఛ మీద బతికినవే.

తరువాత కారు మారింది. ఇంధనాన్ని కొలిచి చిమ్మే యంత్రాంగం వచ్చింది, దానికి కంప్యూటరు వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 కాలుష్య ప్రమాణాలు అమలులోకి రావడంతో పొగగొట్టం పొడుగునా సెన్సర్లు వెలిశాయి. తాళంచెవిలో చిప్పు ఉన్నది; అది పోతే కొత్తది కోయించుకుంటే చాలదు, కారు కంప్యూటరుకు దాన్ని పరిచయం చేయాలి. ముందు అద్దం వెనుక కెమెరా ఉన్న కార్లలో అద్దం మార్చిన తరువాత కెమెరా చూపు సరిదిద్దాలి. ఇవన్నీ నిజమైన ఖర్చులు. వాటికి పరికరాలు కావాలి, శిక్షణ పొందిన మనుషులు కావాలి. డీలరు బిల్లు ఎప్పుడూ ఎక్కువే గనుక డీలరు ఎప్పుడూ దొంగే అనుకోవడం న్యాయం కాదు. నగరం నడిబొడ్డున అద్దె, చలువ గది, లిఫ్టులు, జీతాలు, ఇవన్నీ బిల్లులోనే రావాలి. కొత్త కారు అమ్మకం మీద అతనికి మిగిలేది పల్చని లాభమే. ఆ లోటు పూడ్చుకునే చోటు సర్వీసు విభాగం.

కాని ఈ వాదన ఒక మెట్టు వరకే నిలుస్తుంది. దీపపు చెవి విషయంలో కంప్యూటరు ఏదీ లేదు.

అసలు కథ ఏమిటో తెలియడానికి ఒక ఫిర్యాదు కావలసి వచ్చింది. 2011 జనవరిలో ఒక కారు యజమాని హోండా, ఫోక్స్‌వాగన్, ఫియట్ కంపెనీల మీద కాంపిటీషన్ కమిషన్‌కు ఎక్కాడు. ఈ కంపెనీల విడిభాగాలు బయటి బజారులో దొరకవు, బయటి మెకానిక్‌కు రోగం కనిపెట్టే పరికరాలూ మరమ్మతు పుస్తకాలూ ఇవ్వరు, అందుచేత అధికారిక వర్క్‌షాపులు చెప్పిందే ధర అవుతున్నది — స్థూలంగా ఇదీ అతని మొర. దర్యాప్తు మొదలైన తరువాత ఇది ఆ మూడు కంపెనీల జాడ్యం మాత్రమే కాదని తోచి, దేశంలోని మిగతా తయారీదార్లను కూడా అందులో చేర్చారు. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కంపెనీల మీద మొత్తం 2,544.65 కోట్ల రూపాయల జరిమానా విధించింది. సగటు టర్నోవరులో 2 శాతం చొప్పున లెక్క కట్టారు గనుక పెద్ద కంపెనీలకు పెద్ద దెబ్బ: టాటా మోటార్సుకు 1,346 కోట్లు, మారుతి సుజుకికి 471 కోట్లు, మహీంద్రాకు 292 కోట్లు. మరుసటి ఏడు హ్యుందాయ్ వంతు వచ్చింది, సుమారు 420 కోట్లు.

జరిమానా అంకెలు పత్రికల పతాక శీర్షికలకెక్కాయి. వాటికంటె చదవదగినది ఆ ఉత్తర్వులోని తర్కం. కారులోని భాగాలన్నీ కారు కంపెనీయే తయారు చేయదు. బ్రేకులు ఒకరు, క్లచ్చి ఒకరు, దీపాలు ఒకరు, వడపోత డబ్బాలు ఇంకొకరు చేసి సరఫరా చేస్తారు. ఆ సరఫరాదార్లు అదే సరుకును నేరుగా బజారులో అమ్మకుండా కంపెనీలు ఒప్పందాలతో కట్టడి చేశాయని కమిషన్ తేల్చింది. డీలర్లు విడిభాగాన్ని కౌంటరు మీద బయటి మెకానిక్‌కు అమ్మకుండా మరో కట్టడి. దీని ఫలితంగా ఏ కంపెనీ కారుకు ఆ కంపెనీయే ఏకైక విక్రేత. కార్ల బజారులో పది మంది పోటీ పడుతున్నట్లు కనిపిస్తుంది. కారు కొన్న మరునాడు మీ పాలిటికి ఒక్కడే మిగులుతాడు.

కంపెనీలు తెలివైన జవాబే చెప్పాయి. కారూ దాని మరమ్మతూ వేరువేరు బజార్లు కావు, రెండూ ఒకటే. కొనేవాడు బుద్ధిమంతుడు గనుక, బండి జీవితకాలంలో దాని పోషణకు ఎంతవుతుందో ముందే లెక్క వేసుకునే కొంటాడు. విడిభాగాల ధర పెంచితే రేపు కారే అమ్ముడుపోదు గనుక మేము పెంచలేము అన్నాయి. కమిషన్ దీన్ని ఒప్పుకోలేదు. పదేళ్ళలో ఏ భాగం ఎప్పుడు పోతుందో, అప్పుడు దాని ధర ఎంత ఉంటుందో కొనేనాడు ఎవరు చెప్పగలరు? ఆ ధరల పట్టికే ప్రకటించని చోట లెక్క వేయడం ఎలా? షోరూములో నిలబడి ఎడమవైపు అద్దం ధర ఎంత అని అడిగిన కొనుగోలుదారును నేనింతవరకు చూడలేదు. అడిగితే వెంటనే చెప్పగల అమ్మకందారునూ చూడలేదు. మేధా సంపత్తి హక్కుల మాట కూడా కంపెనీలు ఎత్తాయి, వినియోగదారుల భద్రత మాట కూడా ఎత్తాయి. అవీ నిలవలేదు.

జరిమానాతో పాటు కమిషన్ కొన్ని ఆదేశాలిచ్చింది. విడిభాగాలు, మరమ్మతు పరికరాలు స్వతంత్ర మెకానిక్‌లకు అందుబాటులో ఉంచాలన్నది. సరఫరాదార్లు తమ సొంత గుర్తుతో బజారులో అమ్ముకోవడానికి అడ్డు పడరాదన్నది. భాగాల గరిష్ఠ చిల్లర ధరలు వెబ్‌సైట్లలో ప్రకటించాలన్నది. అన్నింటికంటె ముఖ్యమైనది వారంటీ గురించి చెప్పినది. బయట మరమ్మతు చేయించుకున్న మాత్రాన వారంటీ మొత్తం రద్దు అన్న గంపగుత్త షరతు పెట్టరాదు; బయటి పని లోపం వల్ల ఏ నష్టం కలిగిందో ఆ మేరకు మాత్రమే, అదీ పరిస్థితులు స్పష్టంగా సమర్థించినప్పుడే వారంటీ నిరాకరించవచ్చు. బయట వైపర్ బ్లేడు మార్పించుకున్నందుకు గేరుబాక్సు వారంటీ పోతుందని సర్వీస్ అడ్వైజర్ కళ్ళెర్ర చేస్తే, ఈ మాట గుర్తు చేయవచ్చు.

వ్యాజ్యం మాత్రం అక్కడితో ఆగలేదు. కొన్ని కంపెనీలు అప్పీలు ట్రిబ్యునలుకు వెళ్ళాయి. 2016 డిసెంబరులో టొయోటా, ఫోర్డ్, నిస్సాన్‌ల విషయంలో ట్రిబ్యునలు తప్పు తప్పేనని సమర్థిస్తూ, జరిమానాను విడిభాగాలు, మరమ్మతుల వ్యాపారపు టర్నోవరుకు పరిమితం చేసింది. మరికొన్ని కంపెనీలు కాంపిటీషన్ చట్టపు రాజ్యాంగబద్ధతనే ఢిల్లీ హైకోర్టులో సవాలు చేశాయి. 2019 ఏప్రిల్‌లో ఆ కోర్టు చట్టాన్ని చాలావరకు నిలబెట్టింది. వివాదం సుప్రీంకోర్టు మెట్లు కూడా ఎక్కింది. ఉత్తర్వు వెలువడి దశాబ్దం దాటింది. ఆనాడు కొన్న కార్లు ఈపాటికి రెండో చేతికో మూడో చేతికో మారి ఉంటాయి.

ఇక వర్క్‌షాపు లోపలికి వద్దాం. బిల్లు ఉబ్బే దారులు నాలుగైదు ఉన్నాయి. మొదటిది దీపపు చెవి వంటిదే. ముందు చక్రం దగ్గర చప్పుడు వస్తే చాలాసార్లు పోయేది లోయర్ ఆర్మ్ అనే ఇనుప చేతికి ఉండే రబ్బరు బుష్షు. ప్రెస్సు మీద పెట్టి పాతది నెట్టి కొత్తది దించవచ్చు. వర్క్‌షాపులో చేయి మొత్తం మారుస్తారు. ఆల్టర్నేటరులో బ్రష్షులో రెగ్యులేటరో పోతే ఆల్టర్నేటరే మారుస్తారు. ఏసీ కంప్రెసరులో క్లచ్ బేరింగు అరిస్తే కంప్రెసరే మారుస్తారు. వారి పక్షాన చెప్పదగినది ఒకటున్నది: మొత్తం మారిస్తే పని త్వరగా అవుతుంది, మళ్ళీ చెడిపోయి కారు తిరిగి వచ్చే భయం తక్కువ. ఆ నిశ్చింత ఎవరికి ఎంత విలువైనదో తేల్చుకోవలసింది మాత్రం డబ్బిచ్చేవాడు. అతనికి ఆ అవకాశమే ఇవ్వకపోవడం మీదనే నా అభ్యంతరం.

రెండవది కూలి. పనికి పట్టిన గంటలకు కాక, కంపెనీ పుస్తకంలో ఆ పనికి రాసిన గంటలకు కూలి కడతారు. అందులో తప్పు లేదు. అయితే క్లచ్చి మార్చడానికీ, దాని వెనుక ఇంజను ఆయిలు సీలు మార్చడానికీ గేరుబాక్సు దించక తప్పదు, దించేది ఒక్కసారే. రెండు పనులూ కలిపి చేయించినప్పుడు దించిన కూలి రెండుసార్లు పడిందేమో చూసుకోవాలి.

మూడవది వడ్డన. కారు సర్వీసుకు ఇచ్చేటప్పుడు జాబ్ కార్డు మీద ఇంజను కడుగుడు, ఏసీ శుద్ధి, థ్రాటిల్ శుభ్రత, అడుగుభాగానికి పూత అంటూ వరుసగా చదువుతారు. పెళ్ళి విందులో వడ్డించేవాడు వద్దన్నా వేసినట్లే, ఇక్కడ మొహమాటానికి తల ఊపితే చాలు. వీటిని అమ్మినందుకు సర్వీస్ అడ్వైజర్లకు లక్ష్యాలూ ప్రోత్సాహకాలూ పెట్టడం ఈ వ్యాపారంలో మామూలే. దీనికి విరుగుడు కారు డాష్‌బోర్డు అరలోనే ఉన్నది. యజమాని పుస్తకంలో ఎన్ని కిలోమీటర్లకు ఏది మార్చాలో కారు తయారు చేసినవారే అచ్చు వేసి ఇచ్చారు. ఇంజనులో ఎన్ని లీటర్ల నూనె పడుతుందో కూడా అందులో ఉంటుంది. పుస్తకంలో మూడున్నర లీటర్లని ఉండి బిల్లులో నాలుగు లీటర్లు కనిపిస్తే, మిగిలిన అర లీటరు డబ్బా ఏదని అడగడంలో సిగ్గుపడవలసింది లేదు. మొదటి సర్వీసులు ఉచితమన్నప్పుడు సాధారణంగా ఉచితమయ్యేది కూలి మాత్రమేనని, నూనెకూ ఫిల్టరుకూ డబ్బు చెల్లించాలనీ కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి.

నాలుగవది పన్ను. వాహన విడిభాగాల మీద జీఎస్టీ అంతకుముందు చాలా వాటికి 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. పెట్టె మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ ఇమిడే ఉంటాయి. 1,180 రూపాయలు అని పెట్టె మీద ఉంటే, అందులో సరుకు ధర 1,000, పన్ను 180. బిల్లులో 1,180 వేసి దానిమీద మళ్ళీ పన్ను వేస్తే అది అక్రమం. పెట్టె చూడకుండా ఈ లెక్క తేలదు. అందుకే పాత భాగంతో పాటు కొత్త భాగం వచ్చిన ఖాళీ పెట్టె కూడా కారు డిక్కీలో పెట్టమని జాబ్ కార్డు మీదనే రాయించడం మంచిది. పాత భాగం అడిగేవాడి కారులో నిజంగా కొత్త భాగం పడుతుందని ఒక మేస్త్రీ నాతో అన్నాడు. అతను ఒకప్పుడు డీలరు దగ్గరే పనిచేశాడు.

భీమా ఉన్నది కదా, ఎంతైతే నాకేమి అనుకునేవారికి ఒక మాట. మామూలు పాలసీలో ప్రమాదానంతర మరమ్మతుకు రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాల ధరలో 50 శాతం తరుగుదల కింద కోస్తారు. ఇనుప భాగాలకు కారు వయసును బట్టి కోత పెరిగి, పదేళ్ళు దాటితే సగానికి చేరుతుంది. గాజుకు మాత్రం కోత లేదు. నేటి కారులో ముందుగా దెబ్బతినే బంపరు, దీపపు తొడుగు, పక్క అద్దం, ముందు జాలీ, ఇవన్నీ దాదాపు ప్లాస్టిక్కే. సగం మన జేబు నుంచి పోవడమే కాదు, క్లెయిము లేని సంవత్సరాలకు వచ్చే తగ్గింపు — మొదటి ఏడు 20 శాతం, ఐదేళ్ళకు 50 శాతం దాకా పెరిగేది — అది కూడా సున్నకు పడిపోతుంది. తరుగుదల కోయని పాలసీకి ప్రీమియం అదనం. చిన్న గీతకు క్లెయిము పెట్టే ముందు ఈ రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూడాలి. భీమా కంపెనీ కట్టుకుంటుందిలే అని అంచనా కాగితంలో అవసరం లేని భాగాలు చేర్చినప్పుడు, యజమానులు మౌనంగా సంతకం చేస్తారు. ఆ డబ్బు మరుసటి సంవత్సరం అందరి ప్రీమియంలోనూ తిరిగి వస్తుంది.

అయితే పరిష్కారం బయటి బజారేనా? కళ్ళు మూసుకుని కాదు. నకిలీ సరుకు మన బజార్లలో పుష్కలంగా ఉన్నది. నకిలీ ఆయిల్ ఫిల్టరు ఇంజనును తింటుంది, నకిలీ బ్రేకు ప్యాడు మనిషిని తింటుంది. గాలి సంచులు, స్టీరింగు, బ్రేకుల కంప్యూటరు, వారంటీలో ఉన్న ఇంజను పని, వీటిని అధికారిక వర్క్‌షాపుకే వదిలేయడం క్షేమం. బ్యాటరీ, టైర్లు, వైపర్లు, బల్బులు, అలైన్‌మెంటు, సాధారణమైన సస్పెన్షన్ పని, డెంటింగు వంటి వాటికి నమ్మకమైన బయటి మేస్త్రీ చాలు. ఈ రెండింటి నడుమ ఒక దారి ఉన్నదని చాలామందికి తెలియదు: కంపెనీకి సరఫరా చేసినవాడి సొంత పెట్టె. స్పార్క్ ప్లగ్గులకు మన తాతలు మైకో అని అడిగేవారు. 1951లో బెంగుళూరులో పుట్టిన ఆ సంస్థ పేరే 2008లో బాష్ అయింది. కార్ల కంపెనీలకు బ్యాటరీలిచ్చే అమరరాజా సంస్థ తిరుపతి దగ్గర కరకంబాడిది. అదే సంస్థ బ్యాటరీ వీధి చివర దుకాణంలో తన సొంత పేరుతో దొరుకుతుంది, పాత బ్యాటరీలోని సీసానికి దుకాణదారు కొంత తగ్గిస్తాడు కూడా. సరఫరాదారు పేరు పాత భాగం మీదనే అచ్చుపోసి ఉంటుంది. చాలాసార్లు దాన్ని తుడిచి చదివితే చాలు. బిల్లు లేకుండా మాత్రం ఎక్కడా కొనవద్దు. బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం దృష్టిలో అనుచిత వ్యాపారమే.

ప్రభుత్వం 2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, మరమ్మతు హక్కు పోర్టల్ అనే వెబ్‌సైటును ప్రారంభించింది. కంపెనీలు తమ విడిభాగాల ధరలు, వారంటీ షరతులు, మరమ్మతు సమాచారం ఒకచోట పెట్టాలన్నది దాని ఉద్దేశం. అమెరికాలో మాసచూసెట్స్ రాష్ట్రం కార్ల మరమ్మతు హక్కుకు 2012లో చట్టమే చేసింది. మన పోర్టల్‌కు ఆ కోరలు లేవు. చేరిన కంపెనీల సమాచారం కూడా ఒక్క తీరుగా ఉండదు. అయినా వర్క్‌షాపుకు వెళ్ళే ముందు పది నిమిషాలు చూసి వెళ్ళినవాడి మాటకు బలం వేరు. గొడవ ముదిరితే 1915 నంబరుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను ఉన్నది. అక్కడా తేలకపోతే జిల్లా కమిషను. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే దరఖాస్తు రుసుము లేదు, వకీలు లేకుండా తనంత తానే వాదించుకోవచ్చు. అక్కడ పనికివచ్చేవి జాబ్ కార్డు, రాతలో ఉన్న అంచనా, బిల్లు, పాత భాగం. నోటిమాటగా “అంతేనండీ, అంతకు మించదు” అన్నది ఎక్కడా పనికిరాదు.

కొత్త కారో పాత కారో కొనబోయే పాఠకులకు ఒక చిన్న పని సూచిస్తాను. రంగు చూసుకున్న తరువాత, మైలేజీ అడిగిన తరువాత, ఐదు ధరలు అడగండి: ముందు దీపం ఒకటి, ముందు బంపరు, పక్క అద్దం ఒకటి, ముందరి పెద్ద అద్దం, క్లచ్చి సెట్టు. రెండు కంపెనీల కార్ల మధ్య ఊగిసలాడుతున్నవారు రెండుచోట్లా ఇవే ఐదు అడిగి కూడండి. అమ్మకానికి నిలబడిన కుర్రవాడు చిరునవ్వు నవ్వి, ఇవన్నీ ఇప్పుడెందుకు సార్ అంటాడు. తరువాత సర్వీసు విభాగానికి ఫోను చేస్తాడు. ఆ ఫోను పూర్తయ్యేదాకా వారిచ్చిన కాఫీ తాగుతూ కూర్చోండి; ధరలు కాగితం మీద రాసిచ్చాకే లేవండి.